‘ఇది కూడా రాదా?’ అనకుండా కోడింగ్ నేర్పడం ఎలా

ఇది నేర్చుకునేవాళ్ల కోసం కాదు, నేర్పేవాళ్ల కోసం రాస్తున్నాను. ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబుల్లో డ్యూటీ చేసేవాళ్లు, ఆఫీసులో ఫ్రెషర్స్‌ని పక్కన కూర్చోబెట్టుకునే సీనియర్లు, సెలవులకు ఊరొచ్చినప్పుడు చెల్లెలికో బావమరిదికో పైథాన్ చెప్పేవాళ్లు చదవాలని నా కోరిక.

నేను నల్లగొండలోనే ఎంసీఏ చేశాను. హైదరాబాద్‌లో చాలా ఏళ్లు బ్యాకెండ్ పని చేసి, ఇప్పుడు ఇంటి నుంచే అదే పని చేస్తున్నాను. ఆదివారాలు నల్లగొండ రామగిరిలో ఒక గదిలో కోడింగ్ నేర్చుకునేవాళ్లతో కూర్చుంటాను. దేవరకొండ వైపు నుంచి డిగ్రీ అమ్మాయిలు వస్తారు. మిర్యాలగూడ రైస్ మిల్లులో లెక్కలు చూసే ఒక పెద్దాయన వస్తాడు. మీసేవ సెంటర్ నడిపే ఒక తమ్ముడు, పెళ్లయ్యాక ఉద్యోగం వదిలేసి మళ్లీ మొదలుపెట్టాలని చూస్తున్న ఒక తల్లి, బీటెక్ ఫైనలియర్ పిల్లలు కొందరు. ఫీజు లేదు, అటెండెన్స్ లేదు.

వీళ్లలో చాలామంది ఇక్కడికి రాకముందే ఎక్కడో ఒకచోట మాట పడి వచ్చినవాళ్లు. ‘ఇది కూడా రాదా?’ అన్న మాట. ల్యాబ్‌లో కావచ్చు, ఇంటర్వ్యూలో కావచ్చు, హాస్టల్ రూమ్‌లో కావచ్చు. ఆ మాట పడ్డాక మనిషి ఏం చేస్తాడో నేను చాలాసార్లు చూశాను. ఏడవడు, గొడవ పెట్టుకోడు. అడగడం మానేస్తాడు. ప్రోగ్రామ్ నడవకపోతే పక్కవాడి ఫైలు కాపీ కొట్టి రికార్డు నింపేస్తాడు. ఆఫీసులోనైతే తనకు అర్థం కాని ఫంక్షన్‌ని ముట్టుకోకుండా దాని చుట్టూ ఇంకో ఫంక్షన్ రాస్తాడు. కొన్ని నెలల తర్వాత ఆ రెండూ ఒకదానితో ఒకటి పొసగక ఒక రాత్రి ప్రొడక్షన్‌లో, అంటే జనం వాడుతుండగానే, పడిపోతాయి. అప్పుడు అందరూ కలిసి వెతికేది, ఆ రోజు అతను అడగకుండా మింగేసిన ప్రశ్ననే. చిన్నచూపు వల్ల మనసు నొచ్చుకుంటుంది, అది ఒక నష్టం. అడగాల్సిన ప్రశ్న లోపలే ఉండిపోతుంది, అది దానికి మించిన నష్టం. కింద రాసేదంతా ఆ ప్రశ్నను బయటికి రప్పించడం ఎలా అన్నదాని గురించే.

ముందు మానేయాల్సిన మాటలు

న్యూయార్క్‌లో రికర్స్ సెంటర్ అని ఒక చోటు ఉంది. ప్రోగ్రామర్లు అక్కడికి వెళ్లి కొన్ని వారాలు కలిసి కూర్చొని ఎవరికి కావాల్సింది వాళ్లు నేర్చుకుంటారు. 2011లో మొదలైంది. వాళ్లు పెట్టుకున్న చిన్న నియమాలు నాకు చాలా పనికొచ్చాయి. మొదటిది, ఆశ్చర్యం నటించొద్దు. ‘అయ్యో, గిట్ అంటే ఏంటో తెలియదా!’ అనే ఆశ్చర్యం వల్ల, కోడ్ మార్పుల లెక్క ఉంచే ఆ గిట్ ఎదుటివాళ్లకు రాదు, ముఖం మాత్రం చిన్నబోతుంది. రెండోది, అసలు విషయానికి అవసరం లేని చిన్న తప్పు పట్టుకొని ‘నిజానికి అలా కాదు’ అంటూ అడ్డం పడొద్దు. మూడోది, ఇద్దరు ఒక సమస్య మీద కూర్చుంటే గది అటు చివర నుంచి సగం సలహా విసరొద్దు. సాయం చేయాలనిపిస్తే లేచి వచ్చి పక్కన కూర్చోవాలి. నాలుగోది, ఆడామగా, జాతి లాంటి వాటి మీద సూటిగా కాకపోయినా గుచ్చుకునే మాటలు వద్దు. వీటిని తెలుగులో ఒక అట్ట మీద రాసి మా గది గోడకు పెట్టాను. కొత్తగా వచ్చినవాళ్లు ముందు అదే చదువుతారు.

వాటికి నేను చేర్చుకున్నవి కొన్ని ఉన్నాయి. ‘సింపుల్’, ‘జస్ట్ ఇంతే’, ‘ఇందులో ఏముంది’. నేర్పేవాళ్లు వీటిని ధైర్యం చెప్పడానికే అంటారు, నాకు తెలుసు. కానీ సింపుల్ అని మీరన్నది వినేవాళ్లకు రాకపోతే వాళ్లు ఏమనుకుంటారు? సింపుల్ అయింది కూడా నాకు రావట్లేదు అనుకుంటారు. అందుకని ఎక్కడ తట్టుకుంటారో ముందే చెప్పండి. ‘రికర్షన్ మొదటిసారి చాలామందికి ఎక్కదు. ఫంక్షన్ తనను తాను పిలిచినప్పుడల్లా కాగితం మీద ఒక కొత్త గడి గీసి అందులో విలువలు రాయి. ఫ్యాక్టోరియల్ నాలుగుకు గీస్తే చాలు.’ ఇలా చెప్తే రానివాళ్లు తమ తెలివిని తిట్టుకోకుండా కాగితం తీస్తారు.

‘గూగుల్ చెయ్’ అన్నది ఇంకొకటి. వెతకడం కూడా నేర్పాల్సిన పనే. ఎర్రర్ మొత్తం కాపీ చేసి పెడితే చాలాసార్లు ఏమీ దొరకదు. అందులో నీ ఫైలు పేరు, నీ వేరియబుల్ పేరు, నీ ఫోల్డర్ దారి తీసేసి మిగతా వాక్యం వెతకాలి, దాని ముందు భాష పేరో లైబ్రరీ పేరో చేర్చాలి. ఇది ఒకసారి పక్కన కూర్చొని చేసి చూపిస్తే తర్వాత వాళ్లే వెతుక్కుంటారు. చూపించకుండా ‘గూగుల్ చెయ్’ అంటే ‘నన్ను అడగకు’ అన్నట్టే.

స్టాక్ ఓవర్‌ఫ్లో 2008లో మొదలైంది. ప్రపంచంలో ప్రోగ్రామర్ల ప్రశ్నలకు అంత పెద్ద చోటు ఇంకోటి లేదు అనిపించుకుంది. ఆ సంస్థే 2018లో, మా దగ్గర కొత్తవాళ్లకూ ఆడవాళ్లకూ ఆదరణ సరిగ్గా లేదు, దీన్ని మార్చుకోవాలి అని బహిరంగంగా ఒప్పుకుంది. ఇప్పుడు పిల్లలు మనుషుల్ని వదిలేసి చాట్‌బాట్‌ను అడుగుతున్నారు. ఎందుకని మా గదిలో ఒకమ్మాయిని అడిగితే, ‘అది నవ్వదు కదక్కా’ అంది. చాట్‌బాట్ తప్పు చెప్పినా నమ్మకంగానే చెప్తుంది, ఆ తప్పు పట్టుకునే అనుభవం ఈ పిల్లలకు ఇంకా లేదు. మనుషులు నవ్వడం వల్లే వాళ్లు అటు వెళ్తున్నారంటే దాన్ని సరిచేయాల్సింది మనమే.

ప్రశ్నను వినే పద్ధతి

ఒకసారి బీటెక్ కుర్రాడొకడు తన ప్రాజెక్టు నడుస్తోందని సంతోషంగా వచ్చి, వెంటనే డీలా పడ్డాడు.

‘అక్కా, నా ల్యాప్‌టాప్‌ల మంచిగనే వస్తుంది. మా దోస్తుకు లింకు పంపితే తెరుచుకుంటలేదు.’

లింకు చూస్తే లోకల్‌హోస్ట్. వెనక నుంచి ఎవరో నవ్వారు. నేను ఆ నవ్వు ఆగేదాకా ఉండి, ‘తమ్మీ, ఆ లింకును నీ దోస్తు తన ఫోన్‌లో నొక్కితే ఫోన్ ఎవరిని వెతుకుతది?’ అని అడిగాను. ఆలోచించాడు. లోకల్‌హోస్ట్ అంటే ప్రతి మెషీన్ తనను తాను పిలుచుకునే పేరు, 127.0.0.1 అన్న అడ్రసు కూడా అదే. దోస్తు ఫోన్ తనలో తానే వెతుక్కుంటుంది, అక్కడ ఈ ప్రాజెక్టు లేదు. ఇది అర్థమయ్యాక అతనే, ‘అయితే ఇద్దరం ఒకే వైఫైల ఉంటే నా ఐపీ ఇస్తే వస్తదా?’ అన్నాడు. వస్తుంది, సర్వర్‌ని 0.0.0.0 మీద (అంటే నెట్‌వర్క్‌లో ఎవరు పిలిచినా పలికేలా) నడిపి, ఫైర్‌వాల్ ఒప్పుకుంటే. ఆ రోజు గదిలో సగంమంది నెట్‌వర్క్ గురించి నేర్చుకున్నారు, నవ్వినవాళ్లతో సహా.

ఇలా వినడానికి నేను పాటించేవి చెప్తాను.

మొదట మూడు విషయాలు అడుగుతాను: ఏం చేశావు, ఏం వచ్చింది, ఏం రావాలనుకున్నావు. మూడోది చాలామంది అడగరు. కానీ అపార్థం ఎక్కువగా అక్కడే దొరుకుతుంది. ఎదుటివాళ్లు మనసులో పెట్టుకున్న బొమ్మ ఏంటో తెలియకుండా జవాబు చెప్తే, ఆ జవాబు వేరే ప్రశ్నకు అవుతుంది.

రెండోది, కీబోర్డు లాక్కోను. ఇది చాలా ముఖ్యం. సీనియర్ చేతులు కీబోర్డు మీద పడ్డాక టకటకా నాలుగు కమాండ్లు నడుస్తాయి, ప్రోగ్రామ్ పని చేస్తుంది, నేర్చుకునేవాళ్లకు మాత్రం ఏమీ మిగలదు. పైగా ‘నీ చేతిలో ఇది కాదు’ అన్న సంగతి మాట్లాడకుండానే చెప్పినట్టవుతుంది. నా చేతులు ఒళ్లోనే పెట్టుకుంటాను. ‘పన్నెండో లైనులో బ్రాకెట్ చూడు’ అని నోటితోనే చెప్తాను. ఆలస్యమవుతుంది, కానివ్వండి.

మూడోది, ఎర్రర్‌ను వాళ్లతోనే పైకి చదివిస్తాను, ఇంగ్లిష్‌లో ఉన్నది ఉన్నట్టు. తర్వాత తెలుగులో దాని అర్థం మాట్లాడుకుంటాం. తెలుగు మీడియంలో చదివిన పిల్లలకు ఎర్ర అక్షరాల గుంపు కనబడగానే టెన్షన్ వస్తుంది, చదవకుండానే కిందికి జరిపేస్తారు. దాన్ని చదివే దారి ఉందని చెప్పాలి. పైథాన్‌లో చివరి లైను నుంచి మొదలుపెట్టాలి, అసలు తప్పు ఏంటో అక్కడ ఉంటుంది. దాని పైన ఉన్న లైన్లలో మన ఫైలు పేరు ఎక్కడ ఉందో వెతకాలి. జావాలో అయితే మొదటి లైను చూసి, ఆ తర్వాత ‘కాజ్డ్ బై’ అన్న మాట ఎక్కడుందో కిందికి వెతకాలి. ఇంతే తెలిస్తే సగం భయం పోతుంది. ఇంగ్లిష్ రానివాళ్లకు కోడింగ్ రాదు అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది అబద్ధం. ఇంగ్లిష్ చదవడం కోడింగ్‌తో పాటే వస్తుంది, ఎవరైనా పక్కన కూర్చొని ఓపికగా చదివిస్తే.

చాలా మామూలుగా కనిపించే ప్రశ్నలో ఎంత లోతు ఉంటుందో ఒక ఉదాహరణ చెప్పాలి. మీసేవ తమ్ముడు ఒక రోజు ‘జ్ఞాన’ అన్న పేరుకు పైథాన్‌లో లెన్ (పొడవు లెక్కపెట్టే ఫంక్షన్) ఎంత చెప్తుందో చూశాడు. అయిదు వచ్చింది. ‘అక్కా, కండ్లకు రెండే అక్షరాలు కనబడుతున్నయి, ఇది అయిదంటుంది. నేను ఏమన్న తప్పు జేసిన్నా?’ తప్పేమీ లేదు. అన్ని భాషల అక్షరాలకూ నంబర్లు ఇచ్చే యూనికోడ్ ఆ పేరును జ, పొల్లు, ఞ, దీర్ఘం, న అని అయిదు ముక్కలుగా దాచుకుంటుంది. వాటిని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు ముక్కకు మూడు బైట్లు, మొత్తం పదిహేను. కాబట్టి పేరుకు ఇరవై బైట్లే కేటాయించిన ఫారమ్‌లో ఇంకాస్త పొడుగు తెలుగు పేరు మధ్యలో తెగిపోతుంది. ఈ ‘చిన్న’ సంగతే 2018 ఫిబ్రవరిలో లక్షల జీతాల ఇంజనీర్లను పరుగులు పెట్టించింది. తెలుగు ‘జ్ఞా’తో కూడిన ఒక అక్షరాల వరుస మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలేవి. యాపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దాన్ని సరిచేసింది. ‘లెన్ కూడా తెలియదా’ అని ఎవరైనా ఆ తమ్ముడి నోరు మూయించి ఉంటే ఈ చర్చంతా మా గదిలో జరిగేదే కాదు.

వాడే భాషను బట్టి మనిషిని కొలవొద్దు

రైస్ మిల్లు పెద్దాయన మా దగ్గరికి వచ్చిన కొత్తలో తనది ప్రోగ్రామింగే కాదన్నట్టు మాట్లాడేవాడు. ‘నాదేముందమ్మా, ఎక్సెల్ మాక్రోలు’ అనేవాడు. ఆయన మాక్రో ఏం చేస్తుందో అడిగాను. లారీ బరువు, ఖాళీ బరువు, గోనె సంచుల తరుగు, తేమ శాతం, హమాలీ కూలి తీసుకొని రైతుకు ఎంత ఇవ్వాలో లెక్క కడుతుంది. తేమ 17 శాతం దాటితే ఆ లాట్‌ను రంగు మార్చి చూపిస్తుంది. రోజూ డబ్బు దాని మీద ఆధారపడి చేతులు మారుతుంది. మేం కాలేజీ ప్రాజెక్టుల్లో చేసే లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌లలో ఎన్నింటిని నిజంగా ఒక్క లైబ్రరీ అయినా వాడింది?

ఆయనకు ఒక ఇబ్బంది ఉండేది, నెలాఖరులో మొత్తం కొన్ని పైసలు తేడా వచ్చేది. ‘మాక్రోలు రాసే ఈ వీబీఏ భాష పనికిరాదు, పైథాన్ నేర్చుకోండి’ అనేయడం తేలిక. దానివల్ల పైసల తేడా పోదు, 0.1కి 0.2 కలిపితే సరిగ్గా 0.3 రాని గొడవ పైథాన్‌లో కూడా ఉంది. దశాంశ సంఖ్యలకు మామూలుగా వాడే డబుల్ టైపులో దశాంశాలు సరిగ్గా పట్టవని చూపించి, వీబీఏలోనే కరెన్సీ అనే టైపు ఉంది, అది వాడండన్నా అని చెప్పాను. తేడా పోయింది. ఆ తర్వాతే ఆయన తనంతట తాను పైథాన్ గురించి అడిగాడు.

భాషల మీద చిన్నచూపుకు పాత చరిత్ర ఉంది, దాన్ని పెద్దవాళ్లే మొదలుపెట్టారు. డైక్‌స్ట్రా 1972లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న మహా శాస్త్రవేత్త. మనం క్లాసులో నేర్చుకునే షార్టెస్ట్ పాత్ అల్గారిథమ్ ఆయనదే. ఆయనే 1975లో, బేసిక్ భాష అలవాటైన విద్యార్థులకు మంచి ప్రోగ్రామింగ్ నేర్పడం దాదాపు అసాధ్యమనీ, వాళ్ల బుద్ధి బాగుపడే ఆశ లేనంతగా దెబ్బతింటుందనీ రాశాడు. కోబాల్ నేర్పడాన్ని నేరంగా చూడాలన్నాడు. ఆయన అల్గారిథమ్‌ను గౌరవిస్తాను, ఈ మాటను ఒప్పుకోను. బేసిక్‌ను 1964లో డార్ట్‌మత్ కాలేజీలో కెమెనీ, కర్ట్జ్ తయారు చేసింది సైన్సు చదవని విద్యార్థులు కూడా కంప్యూటర్ వాడాలనే. మన దేశంలో 1984లో, స్కూళ్లలో కంప్యూటర్ నేర్పే క్లాస్ పథకం కింద పంపిన బీబీసీ మైక్రో కంప్యూటర్లలో ఉన్నది బేసిక్. ఒక తరం కంప్యూటర్‌ను మొదటిసారి ముట్టుకుంది దాంతోనే. వాళ్ల బుద్ధి ఏమీ చెడిపోలేదు. కోబాల్ 1959లో మొదలైంది, ప్రపంచంలో ఎన్నో బ్యాంకుల లెక్కలు నేటికీ దాని మీదే నడుస్తున్నాయి.

ఇప్పుడా మాటలు వెబ్‌సైట్లు రాసే పీహెచ్‌పీ భాష మీద వినిపిస్తాయి. ‘పీహెచ్‌పీ కూడా ఒక లాంగ్వేజేనా’ అని ఇంటర్వ్యూలో అనిపించుకున్న అమ్మాయి మా గదిలోనే ఉంది. రాస్మస్ లెర్డార్ఫ్ దాన్ని 1995లో అందరికీ విడుదల చేశాడు. 2003 నుంచి ఉన్న మన తెలుగు వికీపీడియా పేజీలు కూడా పీహెచ్‌పీలో రాసిన మీడియావికీ సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తాయి. ఇవన్నీ ఆ అమ్మాయికి చెప్పాను, ఆమె రాసిన లాగిన్ పేజీలోని తప్పు కూడా చెప్పాను. యూజర్ టైపు చేసిన మాటను నేరుగా, డేటాబేస్‌ను అడిగే ఎస్‌క్యూఎల్ వాక్యంలో అతికించింది. ఎవరైనా కొటేషన్ గుర్తు పెట్టి డేటాబేస్ అంతా లాగేయొచ్చు. యూజర్ మాటను వాక్యంలో కలపకుండా విడిగా పంపే ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ వాడితే ఆ దారి మూసుకుపోతుంది. భాషను ఎద్దేవా చేసినాయన ఈ తప్పు చూపించలేదు. చూపించి ఉంటే ఆమెకు ఆ రోజే ఒక మేలు జరిగేది.

కాబట్టి ఎవరైనా ఫలానా దాంట్లో రాశానంటే ముందు అడగాల్సింది: అది ఎవరికి ఏం పని చేసి పెడుతోంది? లోపం ఉంటే ఆ లోపం పేరు చెప్పండి, లైను చూపించండి.

రివ్యూ రాసేటప్పుడు

ఒకరి కోడ్‌ను ఇంకొకరు చదివి తప్పొప్పులు చెప్పే ఈ రివ్యూ గురించి నాకు గట్టి అభిప్రాయాలు ఉన్నాయి. మర్యాదగా ఉండాలంటే తప్పును తప్పనకూడదు అనుకునేవాళ్లు కొందరు, తప్పు చెప్పాలంటే మనిషిని తిట్టాల్సిందే అనుకునేవాళ్లు కొందరు. ఇద్దరి వల్లా కోడ్ బాగుపడదు.

‘ఈ కోడ్ ఎవరు రాశారు? లాజిక్ లేదు’ అని రాస్తే అందులో సమాచారం సున్నా. అదే కోడ్ మీద ఇలా రాయొచ్చు: ‘ఈ లూప్‌లో ప్రతి రైతుకూ ఒకసారి డేటాబేస్‌కు వెళ్తున్నాం. వెయ్యిమంది ఉంటే వెయ్యి క్వెరీలు. జాయిన్ రాసి లూప్ బయటే ఒక్కసారి తెచ్చుకుందాం. ఇది మార్చకుండా మెర్జ్ చేయలేను.’ రెండోదే ఎక్కువ కఠినం, చూడండి. మెర్జ్, అంటే ఆ కోడ్‌ను ప్రాజెక్టులో కలపడం, ఆపేసింది. అయినా చదివినవాళ్లకు ఏం చేయాలో తెలుసు, తలదించుకోవాల్సిన పని లేదు.

కామెంట్ ముందు ఒక మాట పెట్టే అలవాటు చేసుకోండి: ‘తప్పనిసరి’, ‘సలహా’, ‘ప్రశ్న’. కొత్తవాళ్లకు మీ కామెంట్లలో ఏది ఆజ్ఞో ఏది ఇష్టాయిష్టమో తెలియదు, అన్నింటికీ భయపడతారు. స్పేసులు, బ్రాకెట్ ఏ లైనులో ఉండాలి లాంటి వాటి గురించి మనిషి అసలు కామెంట్ రాయకూడదు. పైథాన్‌కు బ్లాక్, జావాస్క్రిప్ట్‌కు ప్రెటియర్ అనే సాధనాలు ఉన్నాయి, వాటికి అప్పజెప్పండి. మెషీన్ సరిదిద్దితే ఎవరికీ అవమానం అనిపించదు.

వాట్సాప్ గ్రూప్‌లో ఒకరి కోడ్ స్క్రీన్‌షాట్ పెట్టి నవ్వే గుర్తు వేయడం మా గదిలో నిషేధం. రాసినవాళ్లు ఒప్పుకోకుండా స్క్రీన్‌షాట్ పెట్టడమే నిషేధం.

‘లైనక్స్ చేసినాయన కూడా తిడతాడు కదా, అందుకే అంత బాగుంది’ అని ఒక కుర్రాడు నాతో వాదించాడు. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ మెయిల్స్‌లో తోటివాళ్లను ఘోరంగా తిట్టేవాడన్నది నిజమే. 2018 సెప్టెంబర్‌లో ఆయనే క్షమాపణ చెప్పి, తన ప్రవర్తన మార్చుకోవడానికి కొన్నాళ్లు పని నుంచి తప్పుకున్నాడు. అదే నెలలో లైనక్స్‌కు గుండె లాంటి కెర్నెల్ ప్రాజెక్టుకు కొత్త నడవడి నియమాలు వచ్చాయి. ఆ తర్వాత లైనక్స్ ఏమీ ఆగిపోలేదు. తిట్లు చూసి ఆ ప్రాజెక్టు గడప తొక్కనివాళ్లు ఎందరో, వాళ్లు పంపే ప్యాచ్‌లు (కోడ్ మార్పులు) ఎలా ఉండేవో మనకు ఎప్పటికీ తెలియదు.

వీలైతే రాసినవాళ్ల పేరు చూడకుండా రివ్యూ చేయండి. కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైట్‌లో లక్షల పుల్ రిక్వెస్టులు (‘నా మార్పు కలుపుకోండి’ అనే అభ్యర్థనలు) పరిశీలించిన ఒక పరిశోధన 2017లో అచ్చయింది. ప్రాజెక్టుకు కొత్తవాళ్లైన ఆడవాళ్ల కోడ్, వాళ్లు ఆడవాళ్లని ప్రొఫైల్‌లో కనబడనప్పుడు మగవాళ్ల కోడ్ కంటే ఎక్కువగా ఆమోదం పొందింది. కనబడినప్పుడు అది మగవాళ్ల కంటే కిందికి జారింది. మేం ఆదివారం రివ్యూలకు కోడ్‌ను పేర్లు తీసేసి ప్రింట్ తీసి పంచుకుంటాం. ఖర్చు కొన్ని జిరాక్సులు, అంతే.

ఒక్క మాట కూడా అనకుండా మనుషుల్ని దూరం పెట్టేవి

కాలేజీ ప్రాజెక్టు బ్యాచ్‌లో కోడ్ అబ్బాయిలు రాస్తారు, డాక్యుమెంటేషన్, పీపీటీ అమ్మాయిలకు ఇస్తారు. ‘నీ అక్షరాలు మంచిగుంటయి’ అని పొగిడి మరీ ఇస్తారు. ఎవరూ ఏమీ అనలేదు, అయినా ఆ అమ్మాయి నాలుగేళ్లలో ఒక్క ప్రోగ్రామ్ తనదని చెప్పుకోలేక బయటికొస్తుంది. 1946 ఫిబ్రవరిలో అమెరికాలో ఎనియాక్ కంప్యూటర్‌ను లోకానికి చూపించారు. దానికి ప్రోగ్రామ్ చేసింది కే మెక్‌నల్టీ, బెట్టీ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్ బిలాస్, రూత్ లిక్టర్‌మన్ అనే ఆరుగురు ఆడవాళ్లు. ఆ రోజు వాళ్లను ఎవరూ పరిచయం చేయలేదు. దశాబ్దాల పాటు వాళ్ల పేర్లు పుస్తకాల్లోకి ఎక్కలేదు. బ్యాచ్‌లో పని పంచేటప్పుడు ఈ పేర్లు చదివి వినిపించి, కీబోర్డు వంతులు వేయండి. ప్రతి మనిషీ ఒక ఫీచర్ మొదటి నుంచి చివరి దాకా చేయాలి, ప్రతి మనిషీ డాక్యుమెంట్ రాయాలి.

సమయం సంగతి. సాయంత్రం ఏడింటికి మీటప్ పెట్టి అమ్మాయిలు రావట్లేదు, వాళ్లకు ఆసక్తి లేదు అంటారు. చీకటి పడకముందే దేవరకొండ బస్సు ఎక్కాల్సినవాళ్లు ఎలా వస్తారు? మేం పొద్దున పదింటికి మొదలుపెట్టి నాలుగు లోపు ముగిస్తాం. గది చూసేటప్పుడు బాత్రూమ్ ఉందా, లోపల గడియ ఉందా చూశాకే అద్దెకు తీసుకున్నాను. పిల్లల్ని తీసుకొచ్చే తల్లికి ఒక మూల చాప వేసి ఉంటుంది. ల్యాప్‌టాప్ లేనివాళ్లు ఫోన్‌లోనే పైథాన్ రాస్తారు. వాళ్లను చూసి ‘ఫోన్‌లో కోడింగేంటి’ అనేవాళ్లకు కుర్చీ ఇవ్వను.

ఇంకొకటి, అందరూ చూసీచూడనట్టు వదిలేసేది. ‘ఇంటిపేరు ఏంది? ఏ ఊరు? ఊళ్లో ఏ వాడ?’ అన్న ప్రశ్నలు. ఇవి పలకరింపు కాదని అడిగేవాళ్లకూ తెలుసు, చెప్పేవాళ్లకూ తెలుసు. కులం సాఫ్ట్‌వేర్‌లో ఉండదనేవాళ్లు, అమెరికాలోని సియాటిల్ నగరం 2023లో కుల వివక్షను ఎందుకు నిషేధించాల్సి వచ్చిందో ఆలోచించాలి. మా దగ్గర పేరు చీటీ మీద పిలిచే పేరు మాత్రమే రాస్తాం. మార్కుల శాతం, బ్యాక్‌లాగ్‌లు, కాలేజీ పేరు అడగం. 2023లో నల్లగొండలోనూ మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలోనూ ఐటీ టవర్లు తెరిచారు. ఇంటర్వ్యూలు ఇప్పుడు మన ఊళ్లలో కూడా జరుగుతాయి. అక్కడ టేబుల్‌కు ఇటువైపు కూర్చునేది మనవాళ్లే అయినప్పుడు, ‘టెన్త్ నుంచి అరవై శాతం’ అన్న గీత గీసే ముందు ఆ గీతకు ఆ పనితో సంబంధం ఉందా అని అడగాలి.

ఎవరైనా నోరు జారితే

అప్పటికప్పుడు మాట్లాడాలి, కానీ ఒక్క వాక్యమే. ‘ఆ మాట ఇక్కడ వద్దు. చెల్లె, నీ ప్రశ్న ఏందో మళ్లీ చెప్పు.’ అంతే. ఉపన్యాసం మొదలుపెడితే గదంతా మాట అన్నవాడి చుట్టూ తిరుగుతుంది, అడిగిన అమ్మాయి పక్కకు పోతుంది. ప్రశ్నకు తిరిగి రావడమే ఆమెకు మీరు ఇచ్చే గౌరవం. అన్నవాడితో తర్వాత బయట, విడిగా మాట్లాడండి. చాలామంది తాము విన్నదాన్నే తిరిగి అంటారు, సీనియర్ అంటే అలాగే ఉండాలనుకుంటారు. వాళ్లకు పని అప్పజెప్పండి: వచ్చే వారం నువ్వే ఆమె పక్కన కూర్చో, కీబోర్డు ముట్టుకోకుండా ఆ బగ్ తీయించు. చెప్పడం ఎంత కష్టమో తెలిశాక చాలామంది మారారు.

మారనివాళ్లు ఉంటారు. సాధారణంగా వాళ్లే గదిలో అందరికంటే బాగా కోడ్ రాసేవాళ్లు. ‘వాడు అట్లనే ఉంటడు, కానీ జీనియస్’ అని టీమ్ అంతా సర్దుకుపోతుంది. నేను సర్దుకుపోను. అతని ఒక్కడి కోడ్ ఎంత గొప్పదైనా, అతనికి భయపడి మిగతావాళ్లు దాచిన తప్పులు దానికంటే ఎక్కువ. చెప్పి చూశాక కూడా వినకపోతే రావొద్దని చెప్పేశాను. ఆ తర్వాతి వారాల్లో, అప్పటిదాకా నోరు మెదపని ఇద్దరు ముగ్గురు ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు.

మాట పడ్డవాళ్లకు ఏం చెప్పాలి? ‘పట్టించుకోకు’ అని మాత్రం అనకండి, వాళ్లు పట్టించుకున్నారు కాబట్టే మీ దగ్గరికి వచ్చారు. ఏమన్నారో రాయించండి. అందులో కోడ్ గురించి ఉన్నదేంటి, మనిషి గురించి ఉన్నదేంటి విడదీయించండి. కోడ్ గురించిన దాంట్లో నిజం ఉంటే కలిసి సరిచేయండి. మనిషి గురించినది కొట్టేయండి. ఆఫీసులో ఇది పదే పదే జరుగుతుంటే తేదీ, మాట, ఎదురుగా ఎవరున్నారు అన్నవి రాసి పెట్టుకోమనండి. హెచ్‌ఆర్ దగ్గరికి వెళ్లాల్సి వస్తే కాగితం మీదున్నదే నిలుస్తుంది.

ఇదంతా పని చేస్తోందా లేదా తెలుసుకోవడానికి నేను చూసేది ప్రశ్నల రకాన్ని. గదిలో తెలివైన ప్రశ్నలే వస్తున్నాయంటే నాకు అనుమానం వస్తుంది, మిగతావాళ్లు దాక్కుంటున్నారు. ‘అక్కా, ఫోల్డర్‌కు ఫైల్‌కు తేడా ఏంది?’, ‘సెమీకోలన్ ఎక్కడ పెట్టాలె?’ లాంటివి నలుగురిలో గట్టిగా వినబడుతుంటే గది బాగుందని అర్థం. అలాంటివి రానప్పుడు నేనే తలుపు పక్కన ఒక నోట్‌బుక్ పెడతాను. వెళ్లేటప్పుడు అర్థం కానిది ఒకటి అందులో రాసి వెళ్లాలి, పేరు రాయనక్కర్లేదు. మరుసటి ఆదివారం కొత్త పాఠం మొదలుపెట్టే ముందు ఆ పేజీ అంతా పూర్తి చేస్తాం. పేజీ పెద్దదై కొత్త పాఠానికి టైం మిగలకపోతే, ఆ రోజుకు కొత్త పాఠం ఉండదు.